బట్టమేకను చూడడానికి ఎడారి ప్రయాణం

పిల్లలకు సెలవులిస్తే మన ఇళ్ళలో ముందు వినిపించేవి తిరుపతి, శ్రీశైలం, మంత్రాలయం. అడవి జంతువులంటే బండిపూర్, నాగర్‌హొళె. ఈసారి 'చూసివద్దాం' శీర్షికలో చెట్లు అరుదైన చోట జంతువుల్నీ పక్షుల్నీ చూసే ప్రయాణం గురించి చెప్పుకుందాం. రాజస్థాన్‌లో జైసల్మేరు, బాడ్మేర్ జిల్లాల్లో 3,162 చదరపు కిలోమీటర్ల మేర ఉన్న ఎడారి జాతీయవనం అది. చింకారా జింకలు, ఎడారి నక్కలు, రాబందులు అక్కడ కనిపిస్తాయి. వీటన్నిటికన్నా విలువైనది బట్టమేక పిట్ట.

పేరుకు పిట్టేగానీ, నిలబడితే సుమారు మీటరు ఎత్తు. మగపక్షి పదిహేను కిలోలదాకా తూగుతుంది. గడ్డి నేలమీదే, సాధారణంగా ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. దేశం మొత్తంమీద ఇప్పుడు నూటయాభైకి మించి లేవని అంచనా. అందులో చాలావరకు జైసల్మేరు ప్రాంతంలోనే ఉన్నాయి.

ఒక పక్షికోసం అంత దూరమా అని అడిగేవారికి ఒక సంగతి చెప్పాలి. ఇది ఒకప్పుడు మన దక్కను మెట్టభూముల పక్షి కూడా. కర్నూలు పక్కన రోళ్ళపాడులో దీనికోసమే 1988లో అభయారణ్యం ఏర్పాటు చేశారు. ఆ ఊరు ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉంది. అక్కడ బట్టమేక కనిపించడమే గగనమైపోయింది. సింధనూరు నుంచి దఢేసుగూరు వంతెన దాటితే వచ్చే సిరుగుప్ప తాలూకాలో మాత్రం ఇంకా వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని మిగిలాయి.

దీనికి జొన్న, వేరుశనగ వేసే మెట్టచేలు, వాటి మధ్య బీళ్ళు, మిడతలు, పురుగులు కావాలి. నీళ్ళు నిలిచిన వరిమడి పనికిరాదు. తుంగభద్ర డ్యాం 1953లో పూర్తయ్యాక ఎడమకాలువ వెంట మనవాళ్ళు కోస్తా జిల్లాలనుంచి వచ్చి క్యాంపులు వేసుకున్నారు, నల్లరేగడి మెట్టను మాగాణి చేశారు. ఆ కష్టమే ఈనాడు మనకు అన్నం పెడుతోంది. తప్పుపట్టడానికి ఏమీ లేదు. అయితే ఆ మెట్టమీద బతికిన ప్రాణులకు చోటు తగ్గిందన్నదీ నిజమే. వేట, గుడ్లను తినే కుక్కలు, కరెంటు తీగలు మిగతా నష్టం చేశాయి. ఈ పక్షికి ఎదురుగా ఉన్నది సరిగా కనబడదు. బరువువల్ల చటుక్కున పక్కకు తిరగలేక తీగలకు తగిలి చనిపోతుంది.

ఇక ప్రయాణం సంగతి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. సార్వా కోతలయ్యాక, రెండోపంట నాట్లకు ముందు వెళ్తే ఇంటి పనికి ఇబ్బంది ఉండదు. డిసెంబరు చివరివారంలో రద్దీ, గదుల అద్దెలు రెండూ ఎక్కువే. రాయచూరు నుంచి పూణే గానీ ముంబయి గానీ చేరి, అక్కడ జోధ్‌పూర్ రైలెక్కాలి. జోధ్‌పూర్ నుంచి జైసల్మేరు సుమారు మూడువందల కిలోమీటర్లు. రిజర్వేషను 60 రోజుల ముందే మొదలవుతుంది గనుక తేదీలు ఇంట్లో ముందుగానే తేల్చుకోండి. రానూపోనూ కలిపి పదిరోజులు పెట్టుకుంటే పెద్దవాళ్ళు అలసిపోరు. పగలు ఎండ ఉన్నా రాత్రి గజగజ వణికించే చలి. స్వెట్టర్లు, మంకీ టోపీలు, ఉంటే ఒక బైనాక్యులర్ తప్పనిసరి.

జైసల్మేరులో అటవీశాఖ అనుమతి తీసుకుని, స్థానికుడైన గైడును వెంటబెట్టుకుని, తెల్లవారుజామున బయలుదేరండి. జీపు దిగకండి, ఫొటోకోసం తరిమించకండి. ఒక్కోసారి రెండురోజులు తిరిగినా పక్షి కనబడకపోవచ్చు. పిల్లలకు ఈ మాట ముందే చెప్పి ఉంచండి. కనబడకపోయినా, 2019 నుంచి సమ్ దగ్గర గుడ్లను పొదిగించి పిల్లల్ని పెంచుతున్నారని, దాన్ని నిలబెట్టడానికి ఎంత శ్రమ పడుతున్నారో వివరించండి. తిరుగుదారిలో ఫలోది దగ్గర ఖీచన్ గ్రామంలో ఆగితే, చలికాలంలో వేలాదిగా వచ్చే కొంగల్ని చూడవచ్చు. ఊరివాళ్ళే వాటికి గింజలు వేస్తారు.

టిక్కెట్లు కొనేలోగా మరొక పని చేయండి. క్యాంపులు వేసిన కొత్తలో ఈ మెట్టల్లో మనిషి నడుమెత్తు పక్షిని చూశారేమో మీ ఇంట్లో తాతయ్యల్నీ అమ్మమ్మల్నీ అడగండి. చూసినవారుంటే ఊరు, సుమారుగా ఏ సంవత్సరమో రాసి మాకు పంపండి. వచ్చే సంచికలో ప్రచురిస్తాం.