అమర్చిన భద్రతా వ్యవస్థల ధ్రువీకరణ – ఐరోపా పరిశ్రమ దృక్పథం

ఐరోపాలో చొరబాటు హెచ్చరిక వ్యవస్థలను ముప్పు తీవ్రతను బట్టి 4 గ్రేడ్లుగా విభజించే ఈఎన్ 50131 ప్రమాణాలు అమలులో ఉన్నాయి. అయినప్పటికీ జర్మనీలో వీడీఎస్, ఫ్రాన్స్‌లో ఎన్ఎఫ్ ఏ2పీ వంటి జాతీయ గుర్తింపులకే బీమా సంస్థలు ప్రాధాన్యమిస్తున్నందున, తయారీదారులు ఒకే పరికరాన్ని పలుమార్లు పరీక్షింపజేయవలసి వస్తున్నది. ఒక దేశపు ధ్రువీకరణ అన్ని దేశాలలో చెల్లుబాటు కావాలన్నది పరిశ్రమ ప్రధాన అభిమతం. ఐరోపా కమిషన్ సైతం 2012 నాటి భద్రతా పారిశ్రామిక విధానంలో హెచ్చరిక వ్యవస్థలకు ఉమ్మడి ధ్రువీకరణను ప్రతిపాదించింది.

పరికరం ఎంత నాణ్యమైనదైనా అమరిక లోపభూయిష్టమైతే రక్షణ కొరవడుతుంది. ఈ దృష్ట్యా రూపకల్పన, అమరిక, అప్పగింత, నిర్వహణ సేవలకూ, సిబ్బంది అర్హతలకూ కనీస నిబంధనలు నిర్దేశిస్తూ 2017లో ఈఎన్ 16763 వెలువడింది. తనిఖీల వ్యయం చిన్న సంస్థలకు భారం కాకుండా చూడటం, బీమా సంస్థల ఆమోదం పొందడం ఇందులో కీలకాంశాలు.