విజిట్ వీసా మీద పనికి పంపుతరా?

అన్నలూ తమ్ముళ్లూ, యాసంగి కోతలు అయిపోంగనే ఊర్లల్ల ఏజెంట్లు మళ్ల తిరుగుతున్నరు. "ముందు విజిట్ వీసా మీద దుబాయి పో, అక్కడ వర్క్ వీసాకు మార్పిస్తం" అంటున్నరు. ఎందుకట్ల? టెన్త్ పాస్ కానోళ్ల పాస్‌పోర్టు ఈసీఆర్. వాళ్లు గల్ఫ్‌కు పనికి పోవాల్నంటే ఈ-మైగ్రేట్‌ల క్లియరెన్స్ కావాలె. దానికి కంపెనీ పేరు, జీతం రాసిన అగ్రిమెంటు, 10 లక్షల బీమా ఉండాలె. విజిట్ మీద తోలితే ఏజెంటుకు ఇవేవీ అక్కర్లేదు. గడువు దాటినంక మన పిలగాడు ఖల్లివెల్లి. బిల్డింగ్ మీదికెళ్లి పడి సచ్చినా ఆ బీమా పైసలు రావు. రెండేండ్లకు దాని ప్రీమియం 275 రూపాయలు. గంతే!

లైసెన్స్ ఉన్న ఏజెంటు తీస్కోవాల్సింది 30,000, పైన జీఎస్టీ. రశీదు ఇయ్యాలె. యూరియా బస్తా మీద ఇరవై ఎక్కువంటే దుకాణం ముంగట లొల్లి చేసే మనం, మూడు రూపాయల మిత్తికి తెచ్చి వీనికి లక్షలు పోస్తున్నం, చీటి ముక్క లేకుండ. "మనూరోడే, మోసం చేస్తడా" అంటరు. మనూరోడైతే లైసెన్స్ నంబరు చెప్పుమనుండ్రి.

ఈ పోస్టు సూసి నన్ను తిట్టే ఏజెంట్లు, కింద ఆ నంబరు రాసి తిట్టుండ్రి.