తెగేదాకా లాగితే...

మొన్న మా అబ్బాయి పొట్లానికి వేసిన రబ్బరు బ్యాండు తీసి సాగదీస్తూ కూర్చున్నాడు. “తెగేదాకా లాగకురా” అన్నాను, అలవాటు కొద్దీ. “లాగినకొద్దీ గట్టిపడుతోంది నాన్నగారూ, ఎందుకు?” అన్నాడు. తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి, నాకేం తెలుసు? మా కాలేజీ ఫిజిక్సు మేష్టారిని ఆశ్రయించాను.

ఆయన బ్యాండును పెదవికి ఆనించుకొని చటుక్కున లాగమన్నారు. లాగితే వెచ్చగా తగిలింది! ఈ వింతను ఇంగ్లండులో జాన్ గఫ్ 1805లోనే ప్రకటించాడట. పసితనంలో మశూచి వల్ల చూపు పోయినవాడాయన. కళ్లున్నవాళ్లకు తెలియనిది ఆయన పెదవికి తెలిసింది!

రబ్బరు అణువులు పొడుగాటి గొలుసులు. మామూలుగా చిక్కుపడ్డ జుట్టులా ఉంటాయి. లాగితే దువ్వినట్లు వరుసకు వస్తాయి. ఇంకా లాగితే పక్కపక్కన ఒదిగి, అక్కడక్కడ పటికబెల్లం పలుకుల్లా స్ఫటికాలు కడతాయి. ఆ వెచ్చదనంలో వాటి పాలూ ఉంది. 1925లో కాట్జ్ అనే శాస్త్రజ్ఞుడు ఎక్స్-కిరణాలతో వాటి జాడ పట్టాడు. వదిలేస్తే మళ్లీ కరిగిపోతాయి.

ఇందులో ఒక మేలుంది. చిరుగు పడ్డచోటే లాగుడు ఎక్కువ. సరిగ్గా అక్కడే స్ఫటికాలు కట్టి చిరుగుకు అడ్డుపడతాయి.

మరి కృత్రిమ రబ్బరు మాటేమిటి? 1942లో మలయా జపాను చేతికి చిక్కాక, చెట్టు రబ్బరుకు కరువొచ్చి, అమెరికా బ్యూటడీన్, స్టైరీన్ కలిపిన రబ్బరును విరివిగా తయారుచేసింది. అది మల్లెలూ కనకాంబరాలూ వరస లేకుండా గుచ్చిన దండ వంటిది. అలాంటి దండలు రెండు పక్కపక్కన పెడితే పువ్వు పక్కన పువ్వు ఒదగదు. ఎంత లాగినా స్ఫటికం కట్టదు. మసి కలిపి బలం తేవాలి. 1930లో పుట్టిన నియోప్రీన్ అలా కాదు. దాని దండ ఇంచుమించు ఒకే పువ్వుతో, ఒకే తీరున గుచ్చింది. లాగితే స్ఫటికం కడుతుంది.

విమానం టైర్లకు నేటికీ చెట్టు రబ్బరే ముఖ్యం. నేలకు దిగేటప్పుడు అన్ని ప్రాణాల బరువూ మోసేవి అవే కదా!

ఇదంతా మావాడికి చెప్పాను. వాడు ఉత్సాహంగా ఇంకాస్త లాగాడు. బ్యాండు తెగి వేలు చురుక్కుమంది. సామెతా అబద్ధం కాదు మరి!