ఎవరు చెప్పినా గంట మోగాలి: బడి భద్రత ఉద్యమ ప్రణాళిక

మన రెండు తెలుగు రాష్ట్రాల బడిపిల్లల్ని పెద్ద ఉపద్రవాల నుంచి చాలాసార్లు కాపాడింది క్యాలెండరే. 2004 డిసెంబర్ 26న సునామీ మన కోస్తాను తాకిన రోజు ఆదివారం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీద విరుచుకుపడిన రోజూ ఆదివారమే. 2020 మే 7న విశాఖలోని ఆర్.ఆర్. వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరిన్ ఆవిరి ఇళ్లలోకి పాకింది తెల్లవారకముందే. పైగా లాక్‌డౌన్, బళ్లన్నీ మూసి ఉన్నాయి. 2024 డిసెంబర్ 4న ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కదిలి ఆ అదురు హైదరాబాద్ దాకా తెలిసినప్పుడు ఉదయం ఏడున్నర కూడా కాలేదు. పిల్లలు ఇంకా ఇళ్లలో జడలు వేయించుకుంటున్నారు. అదే పదకొండు గంటలకు వచ్చి ఉంటే ఏ బడిలో ఎవరు ఏం చేసేవారు? మాకు తెలియదు. ఆ బళ్లకూ తెలియదు. అదృష్టం మీద భారం వేసి బడి నడిపింది ఇక చాలనుకున్నవాళ్లం కూర్చుని రాసుకున్న ప్రణాళిక ఇది.

మాలో తల్లిదండ్రులున్నారు, సర్కారు బడి టీచర్లు, ప్రైవేటు బడి టీచర్లు ఉన్నారు. అగ్నిమాపక శాఖలో పనిచేసి రిటైరైనవాళ్లు, మధ్యాహ్న భోజనం వండే అక్కలు, స్కూల్ బస్సు డ్రైవర్లు ఉన్నారు. సంఘానికి ఇంకా పేరు పెట్టుకోలేదు. పేరు మీద చర్చ మొదలైతే అధ్యక్షుడెవరు, కార్యదర్శి ఎవరు అనేదాకా పోతుంది. ఈలోపు మెట్ల కింద విరిగిన బెంచీలు అక్కడే ఉంటాయి. ముందు బెంచీలు తీయిద్దాం.

క్యాలెండరు ప్రతిసారీ మన పక్షాన లేదు. 2014 జూలై 24 గురువారం. మెదక్ జిల్లా మాసాయిపేటలో కాపలా లేని రైల్వే గేటు దగ్గర స్కూల్ బస్సును రైలు ఢీకొంది. అంతకు పదేళ్ల ముందు, 2004 జూలై 16న, తమిళనాడు కుంభకోణంలో బడి వంటగదిలో రేగిన మంట పైఅంతస్తు పూరికప్పుకు అంటుకుని 94 మంది పిల్లల్ని మింగింది. 2013లో సరిగ్గా అదే జూలై 16న బీహార్ సారణ్ జిల్లా గండామన్‌లో మధ్యాహ్న భోజనంలో పురుగుమందు కలిసి 23 మంది పిల్లలు పోయారు. 2025 జూలై 25న రాజస్థాన్ ఝాలావాడ్ జిల్లా పిప్లోదీలో బడి కప్పు కూలి ఏడుగురు. నాలుగూ జూలైలోనే. కొంత కాకతాళీయం కావచ్చు. కానీ బళ్లు తెరిచిన కొత్తలో, కప్పులు నానడం మొదలయ్యే నెల అది. వేసవి సెలవుల్లో ఎవరూ ఎక్కి చూడని మేడ మీదికి జూన్‌లో పిల్లల్ని ఎక్కిస్తాం. బడి భవనాల తనిఖీ మే నెలలోనే జరగాలని మేం పట్టుబట్టడానికి కారణం ఇదే.

ఈ ఘటనల గురించి వచ్చిన కథనాలు వరసగా చదివితే మాకు ఇంకో సంగతి కనిపించింది. మా ఉద్యమం పుట్టింది అక్కడే. పిప్లోదీలో పైనుంచి పెచ్చులు రాలుతున్నాయని పిల్లలు ముందే చెప్పారని, కూర్చోమన్నారని వార్తలొచ్చాయి. గండామన్‌లో నూనె వాసన తేడాగా ఉందని వంటమనిషి చెప్పిందన్నారు, కూర రుచి బాగాలేదని పిల్లలూ చెప్పారన్నారు. 2019 నవంబర్‌లో కేరళ వయనాడ్ జిల్లా సుల్తాన్ బత్తేరిలో తరగతి గది కన్నంలోని పాము ఐదో తరగతి పాపను కాటేసింది. ఆస్పత్రికి తీసుకెళ్లడంలో జాప్యం జరిగిందని తోటి పిల్లలే బయటికొచ్చి చెప్పారు. ప్రమాదాన్ని ముందుగా పసిగట్టినవాళ్లు బడిలోనే ఉన్నారు. వాళ్ల మాటకు బడిలో విలువ లేదు. అంతే తేడా.

పరాయి దేశం సంగతి ఒకటి ఇక్కడ చెప్పక తప్పదు. 2011 మార్చి 11న జపాన్‌లో భూకంపం వచ్చాక, ఒకావా ప్రాథమిక పాఠశాల టీచర్లు పిల్లల్ని ఆటస్థలంలో నిలబెట్టి ఎటు వెళ్లాలా అని దాదాపు యాభై నిమిషాలు తర్జనభర్జన పడ్డారు. వెనకే కొండ ఉంది. కొండెక్కుదామని కొందరు పిల్లలు అడిగారు కూడా. సునామీ వచ్చేసరికి ఇంకా కింద ఉన్నారు. 74 మంది పిల్లలు, 10 మంది టీచర్లు పోయారు. అదే రోజు కమాయిషిలో పెద్ద తరగతుల పిల్లలు ఎవరి ఆజ్ఞ కోసమూ ఆగకుండా పరుగు అందుకున్నారు. వాళ్లను చూసి చిన్న బడి పిల్లలూ పరుగెత్తారు. మొదట ఆగిన చోట గట్టు విరుగుతోందని చూసి ఇంకా పైకి వెళ్లారు, బతికారు. ఏళ్ల తరబడి సాధన చేయించిన బళ్లవి. ఒకావా కేసులో ఆ దేశపు సుప్రీంకోర్టు 2019లో ఖరారు చేసింది కూడా ఇదే: ముందస్తుగా సిద్ధం చేయకపోవడమే బడిదీ, పురపాలక అధికారులదీ తప్పు.

కాబట్టి మా మొదటి సూత్రం. పెచ్చు రాలినా, పొగ వచ్చినా, కూర వాసన మారినా, బెంచీ కింద పాము కనిపించినా, చూసినవాళ్లు ఎవరైనా సరే, రెండో తరగతి పిల్లయినా, ఆయా అయినా, వాచ్‌మన్ అయినా, ‘ఆపండి’ అనే హక్కు వాళ్లకుంది. ఆ మాట వినగానే గది ఖాళీ కావాలి, లేదా వడ్డన ఆగాలి. నిజమా కాదా అన్నది బయట నిలబడి చూసుకోవచ్చు. భయపడి చెప్పింది ఉత్తదే అని తేలితే ఎవరూ తిట్టకూడదు, పిల్లల ముందు నవ్వకూడదు. ఒకసారి నవ్వితే రెండోసారి ఏ పిల్లా నోరు విప్పదు. అల్లరికి పది సార్లు అబద్ధం చెబితే? అని ఒక హెచ్ఎం గారు అడిగారు. పది సార్లు బయటికెళ్లడం పిల్లలకు అలవాటవుతుంది సార్, మంచిదే అన్నాం. ఆయన నవ్వారు గానీ ఒప్పుకోలేదు. ఒప్పిస్తాం.

రెండోది గేటు. మన పట్టణాల్లో చాలా ప్రైవేటు బళ్లు నివాసాల కోసం కట్టిన భవనాల్లో నడుస్తున్నాయి. ఇద్దరు పక్కపక్కన దిగలేని ఒకే ఒక్క మెట్లదారి. మెట్ల మొదట్లో మడత గ్రిల్ గేటు, దానికి తాళం. పిల్లలు రోడ్డు మీదికి పోకుండా అంటారు. భయం నిజమైనదే, కాదనం. కానీ తాళంచెవి ఎక్కడుంది? వాచ్‌మన్ జేబులో. వాచ్‌మన్ ఎక్కడున్నాడు? కరెస్పాండెంట్ గారి కరెంటు బిల్లు కట్టడానికి వెళ్లాడు. ఆ మెట్ల కింద ఇన్వర్టర్ బ్యాటరీలు, పాత ప్రశ్నపత్రాల కట్టలు, యాన్యువల్ డేకి వాడిన థర్మాకోల్ తోరణాలు. అంటే అంటుకునేదీ, అంటించేదీ రెండూ పిల్లలు దిగే దారిలోనే. బడి నడిచే వేళ ఏ గేటుకూ తాళం ఉండకూడదు, గడియ చాలు, గడియ దగ్గర మనిషి ఉండాలి. రెండో మెట్లదారి లేని భవనంలో పైఅంతస్తులో తరగతులు వద్దు. ఈ రెండింటి మీద మేం బేరాలకు రాము.

తీరగ్రామాల్లో తాళంచెవి కథ తిరగబడుతుంది. అక్కడ చాలాచోట్ల బడే తుపాను షెల్టరు. 1977 నవంబర్ 19న దివిసీమను ఉప్పెన ముంచి వేలమందిని తీసుకుపోయాక నేర్చుకున్న పాఠం అది. అర్ధరాత్రి ఊరంతా బడికి చేరితే తలుపు తీసేదెవరు? హెచ్ఎం గారు టౌనులో ఉంటారు. అలాంటి ఊళ్లలో ఒక తాళంచెవి బడికి దగ్గరగా ఉండే ఇంట్లో ఉండాలి, ఆ ఇల్లు ఏదో ఊరంతటికీ తెలిసి ఉండాలి.

వంటగది గురించి ఒక్కమాట. గ్యాస్ సిలిండరు తరగతి గోడకు ఆనించి ఉండకూడదు. టీచర్ తిన్నాకే పిల్లలకు వడ్డించాలి, రాసుకునే రిజిస్టరులో కాదు, నిజంగా. వేడి గిన్నెలు పిల్లలు పరుగెత్తే వసారాలో నేల మీద పెట్టకూడదు. 2019లో కర్నూలు జిల్లా పాణ్యంలో ఒక పసివాడు సాంబారు గిన్నెలో పడి చనిపోయాడు.

ఇక మాక్ డ్రిల్. ఏప్రిల్ 14 నుంచి అగ్నిమాపక వారోత్సవాలు. ఫైరింజన్ వస్తుంది. గ్రౌండులో రేకు పళ్లెంలో డీజిల్ పోసి మంట వేస్తారు. హెచ్ఎం గారు మంటలార్పే సిలిండరు పట్టుకుని ఆర్పుతారు, సర్పంచ్ గారు చప్పట్లు కొడతారు, ఫొటో వాట్సాప్ గ్రూపులోకి వెళ్తుంది. పిల్లలు ఎండలో వరసల్లో కూర్చుని చూస్తారు. ఒక్క పిల్లవాడూ తన తరగతి గదిలోంచి బయటికి రావడం నేర్చుకోడు. ఆ తర్వాత అదే సిలిండరు హెచ్ఎం గదిలో బీరువా వెనక్కి చేరుతుంది. దగ్గరికెళ్లి చూడండి, ముల్లు ఎరుపులో ఉంటుంది, పిన్ను మీద గోడకు వేసిన రంగే పడి ఉంటుంది.

మేం అడిగే సాధన వేరు. నెలకొకసారి, ముందు చెప్పకుండా, ఆగకుండా మోగే గంట. ప్రార్థన గంటకూ దీనికీ తేడా ఒకటో తరగతికి కూడా తెలియాలి. బ్యాగులు వదిలేయాలి. టీచర్ హాజరుపట్టీ ఒక్కటే పట్టుకుని అందరికంటే ఆఖర్న రావాలి. గ్రౌండులో పేర్లు పిలవాలి. వీల్‌చెయిర్‌లో ఉన్న పిల్లను ఎవరు దింపుతారో, ఆ రోజు వాళ్లు సెలవు పెడితే ఎవరు దింపుతారో ముందే రాసి ఉండాలి. భూమి కదిలితే మాత్రం పరుగు వద్దు, బల్ల కిందికి దూరి దాని కాలు పట్టుకోవాలి, కుదుపు ఆగాక బయటికి. ఉరుము వినిపిస్తే గ్రౌండులోని వేపచెట్టు కిందికి ఎవరూ వెళ్లకూడదు. పటాన్‌చెరు, పరవాడ లాంటి ఫ్యాక్టరీల పక్క బళ్లలో గ్యాస్ లీకైతే పిల్లల్ని గ్రౌండులో వరసగా నిలబెట్టడమే ప్రాణం మీదికి తేవచ్చు. అక్కడ గాలి ఎటు వీస్తోందో చూసి దానికి అడ్డంగా కదలాలి, తడిగుడ్డ ముక్కుకు పెట్టుకోవాలి. ఏజెన్సీ బళ్లలో పాముకాటు: కట్టు బిగించొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు, మంత్రగాడి కోసం ఆగొద్దు. కాటు పడ్డ కాలో చెయ్యో కదలకుండా ఉంచి, విషానికి విరుగుడు మందు ఉన్న ఆస్పత్రికి వెంటనే చేర్చాలి. ఆ మందు ఏ ఆస్పత్రిలో ఉందో టీచర్‌కి ఆ రోజు కాదు, జూన్‌లోనే తెలిసి ఉండాలి. ప్రతి బడికీ ఒకే ప్లాను జిరాక్స్ తీసి పంచితే ఇవేవీ అందులో ఉండవు.

బస్సుల విషయంలో క్లుప్తంగా చెబుతాం. ఎమర్జెన్సీ తలుపుకు అడ్డంగా వేసిన అదనపు సీటు పీకేయాలి. ట్రిప్పు ముగిశాక డ్రైవర్ చివరి సీటు దాకా నడిచి వెళ్లి చూడాలి. బస్సుకు ఫిట్‌నెస్ ఎంత ముఖ్యమో, రాత్రి డ్యూటీ చేసి వచ్చిన డ్రైవర్‌కి నిద్రా అంతే ముఖ్యం.

కొత్త చట్టం మేం అడగడం లేదు. కుంభకోణం తర్వాత వేసిన అవినాశ్ మెహరోత్రా కేసులో 2009లో సుప్రీంకోర్టు, చదువుకునే హక్కులో భద్రమైన బడి హక్కు కూడా కలిసే ఉందని తేల్చింది. 2016లో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ బడి భద్రత మార్గదర్శకాలు ఇచ్చింది. 2009 విద్యాహక్కు చట్టం కింద పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లు ఉండాలి. కమిటీ ఉంది, సంతకాలకు పిలుస్తారు, టీ ఇస్తారు, పంపుతారు. ఆ కమిటీయే మాకు ఆయుధం. ప్రభుత్వాన్ని అడిగేవి కొన్నే: పగుళ్లు వచ్చిన గదిని ఇంజినీరు చూసి ఇచ్చిన నివేదిక బడి గోడకు అంటించాలి, ఫైలులో కాదు. శిథిలమైన గది కూల్చడానికి అనుమతి కోసం ఎంఈవో ఆఫీసు చుట్టూ తిరిగే రోజులు పోవాలి. మరమ్మతు డబ్బు సున్నం, రంగులకు కాకుండా ముందు కప్పుకు, వైరింగుకు పోవాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, ‘మా బడి కప్పు బాగాలేదు’ అని రాసిన హెచ్ఎంకి మెమో ఇవ్వకూడదు. ఈ రోజున నిజం చెప్పిన టీచర్‌కే ఇబ్బంది. అందుకే అంతా బాగానే ఉందని రాస్తారు, ఏదైనా జరిగితే సస్పెండయ్యేదీ వాళ్లే. ఈ చుట్టు తెగకుండా బడి భద్రత మాట ఎత్తడం దండగ.

మేం చేయనివి కూడా చెప్పాలి. టీచర్ల మీదికి మందిని వేసుకెళ్లం. పిల్లల మొహాలు కనిపించే వీడియోలు తీసి బడి పరువు వీధిన పడేయం. డమ్మీ తుపాకులతో ఉగ్రవాదుల డ్రిల్లు పెట్టి పసివాళ్లను జడిపించం. ప్రైవేటు బడి ఒక రకం, సర్కారు బడి ఒక రకం అని లెక్కలు వేయం. మంటకు ఆ తేడా తెలియదు.

బళ్లు సాధారణంగా జూన్ 12న తెరుస్తారు. ఆ లోపు ఒక సాయంత్రం మీ పిల్ల చదివే బడికి వెళ్లండి. గేటు దగ్గర ఆగకండి, మెట్లెక్కి పైదాకా పోండి. తాళంచెవి ఎవరి దగ్గరుందో అడగండి, మంటలార్పే సిలిండరు ముల్లు చూడండి, ఆయాతో మాట్లాడండి, ఏ గదిలో చుక్కలు కారతాయో ఆమెకు తెలుసు. చూసిందంతా ఒక తెల్లకాగితం మీద రాసి హెచ్ఎం గారికి ఇచ్చి, కాపీ మీద తేదీతో సంతకం తీసుకోండి. ఆ కాగితమే మీ సభ్యత్వం.