రాయని నియమానికి శిక్ష ఎవరికి?

విశ్వవిద్యాలయాల్లో విద్యా నిజాయితీ ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ వేలు విద్యార్థి వైపే చూపుతుంది. హోంవర్కు నకలు చేశాడని, ల్యాబ్ రికార్డు ఇంకొకరిది చూసి రాశాడని, ఇంటర్నెట్‌లో దొరికిన సమాధానాన్ని దించాడని ఆరోపణలు వస్తాయి. వీటిలో నిజం లేదని ఎవరూ అనలేరు. అయితే ఏది నకలు, ఏది తోటివారి సహాయం అన్నది తరగతిలో ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, అందరికీ ఒకేలా చెప్పారా అని అడిగేవారు తక్కువ. కుల సమాజంలో ఇది చిన్న ప్రశ్న కాదు.

గ్రంథచౌర్యాన్ని అరికట్టేందుకు యూజీసీ 2018లో నిబంధనలు తెచ్చింది. సిద్ధాంత గ్రంథంలో 10 శాతం వరకు పోలికకు శిక్ష లేదు. 60 శాతం దాటితే పరిశోధక విద్యార్థి రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. కానీ అసైన్‌మెంట్లు, ప్రాజెక్టు నివేదికలు, కోర్సువర్కు, జవాబుపత్రాలు ఆ నిబంధనల పరిధిలోకి రావు. అంటే ఎమ్మెస్సీ భౌతికశాస్త్ర తరగతిలో ప్రతివారం ఇచ్చే లెక్కల విషయంలో ఏది తప్పో నిర్ణయించేది ఆ విభాగం, చాలాచోట్ల ఆ అధ్యాపకుడు ఒక్కడే. నియమం కాగితం మీద లేనిచోట అది నోటిమాటగా తిరుగుతుంది. నోటిమాట పరిచయాల దారినే నడుస్తుంది. మన దేశంలో పరిచయాలకు కులం ఉంది.

ల్యాబ్‌లో జరిగేది చూద్దాం. సరళ లోలకంతో గురుత్వ త్వరణం కనుగొనమంటారు. విలువ 980 సెంటీమీటర్ల దరిదాపున ఉండాలని అందరికీ ముందే తెలుసు. కొలతలో లోపాలవల్ల ఒక విద్యార్థికి 940 వచ్చిందనుకుందాం. ఉన్నదున్నట్టు రాసి, లోపం ఎక్కడ వచ్చిందో చర్చిస్తే అది శాస్త్రం. కానీ మార్కులు సరైన విలువకే పడే చోట, సమాధానం నుంచి వెనక్కి లెక్కగట్టి రీడింగుల పట్టిక నింపడం ఆనవాయితీ అవుతుంది. పాత రికార్డు ఇచ్చే సీనియర్ ఉన్నవాడు దిగులు లేకుండా నింపుతాడు. అలాంటివారు లేని మొదటి తరం విద్యార్థి నిజం రాసి మార్కులు పోగొట్టుకుంటాడు, లేదా తోచినట్టు నింపి పట్టుబడతాడు. ఇక్కడ అబద్ధాన్ని నేర్పింది మూల్యాంకన పద్ధతే.

లెక్కల విషయమూ ఇంతే. పాత ప్రశ్నపత్రాలు, పాఠ్యగ్రంథాల సాధనల పుస్తకాలు, గత సంవత్సరాల నోట్సు కొన్ని హాస్టల్ గదుల్లో వారసత్వంగా చేతులు మారతాయి. నలుగురు స్నేహితులు కూర్చుని లెక్క సాధిస్తే అది బృంద అధ్యయనం. దళిత, ఆదివాసీ విద్యార్థులిద్దరి జవాబులు ఒకేలా ఉంటే అది కాపీ. తెలుగు మాధ్యమంలో డిగ్రీ చదివి వచ్చిన విద్యార్థి పుస్తకంలోని ఇంగ్లీషు వాక్యాన్ని యథాతథంగా రాస్తే దొంగతనం అంటారు, సొంత మాటల్లో రాస్తే భాష రాదంటారు.

ఇది ఊహ కాదు. ఎయిమ్స్‌లో కుల వివక్షపై విచారించి 2007లో నివేదిక ఇచ్చిన సుఖదేవ్ థోరట్ కమిటీకి ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు చెప్పిన మాటల్లో ముఖ్యమైనది, మూల్యాంకన సమయంలో నేరుగానో పరోక్షంగానో తమ కులం అడుగుతున్నారన్నది. భౌతికశాస్త్ర కోర్సువర్కు విషయానికొస్తే హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో 2008 ఫిబ్రవరిలో ప్రాణం తీసుకున్న పరిశోధక విద్యార్థి సెంథిల్ కుమార్‌ను మరువలేం. తమిళనాడులోని సేలం ప్రాంతం నుంచి వచ్చిన ఆ దళిత విద్యార్థికి పరిశోధన పర్యవేక్షకుడు దొరకలేదు. కోర్సువర్కులో ఒక పరీక్ష తప్పడంతో ఫెలోషిప్ చిక్కులో పడింది. తరువాత వినోద్ పావరాల అధ్యక్షతన ఏర్పడిన కమిటీ, కోర్సువర్కు విధివిధానాల్లో అస్పష్టత ఉందని, అమలు ఒకే తీరుగా లేదని గుర్తించింది. ఆ కేసులో నకలు ఆరోపణ లేదు. కానీ స్పష్టత లేని నియమం ఎవరి మెడకు చుట్టుకుంటుందో అది చెబుతుంది.

ఇక మనవైపు మాట కూడా చెప్పుకోవాలి. అన్యాయమైన వ్యవస్థలో కాపీ కొట్టడం తప్పు కాదనే వాదన అణగారిన వర్గాల విద్యార్థుల్లో అక్కడక్కడ వినిపిస్తుంది. ఆ వాదన మనకే నష్టం. పై కులాల విద్యార్థి లెక్క నేర్చుకోకుండా పట్టా తీసుకున్నా అతని బంధువర్గం అతన్ని ఎక్కడో ఒకచోట నిలబెడుతుంది. మనకు నిలబెట్టేది నేర్చుకున్న లెక్క ఒక్కటే. అంబేడ్కర్ కొలంబియాలో, లండన్‌లో సంపాదించిన పట్టాల వెనుక ఉన్నది గ్రంథాలయాల్లో గడిపిన గంటలు. రిజర్వేషన్ తలుపు తెరుస్తుంది. లోపలి పాఠాన్ని మన తరఫున మరొకరు నేర్చుకోలేరు.

అందుకే విద్యార్థి సంఘాలు నిజాయితీ నియమాలను వ్యతిరేకించడం కాదు, వాటిని రాతపూర్వకంగా డిమాండ్ చేయాలి. సెమిస్టరు మొదటి రోజునే ఏ పని కలిసి చేయవచ్చో, ఏది ఒంటరిగా చేయాలో, ఏ పుస్తకాలు, ఏ కృత్రిమ మేధ సాధనాలు వాడవచ్చో తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఇవ్వాలి. పాత ప్రశ్నపత్రాలు, నమూనా సాధనలు గ్రంథాలయంలో అందరికీ అందుబాటులో ఉండాలి. ల్యాబ్‌లో తుది విలువకు కాక, నిజమైన రీడింగులకు, లోప విశ్లేషణకు మార్కులు వేయాలి. రాత పరీక్షల జవాబుపత్రాలపై పేరు కనిపించకూడదు. వైవాకు ఇద్దరు పరీక్షకులు ఉండాలి, మార్కులకు కారణం రాయాలి. నకలు ఆరోపణ వస్తే రాతపూర్వక నోటీసు, వివరణకు గడువు, ఎస్సీ, ఎస్టీ సభ్యులున్న కమిటీ ముందు అప్పీలు హక్కు ఉండాలి.

వీటిలో చాలావాటికి కొత్త చట్టం గానీ, పెద్ద నిధులు గానీ అక్కర్లేదు. విభాగాధిపతి సంతకం చేసిన రెండు పేజీల కాగితం చాలు. ఆ కాగితం ఇవ్వని సంస్థకు విద్యార్థిని నిజాయితీ పేరిట శిక్షించే నైతిక హక్కు లేదు.