ఎత్తిపోతల మోటారు అసలు ధర ఎంత?

జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాన్ని కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతంగానే మనం ఎరుగుదుము. 2022 ఏప్రిల్‌లో జరిగిన పునర్వ్యవస్థీకరణతో ఇది ఎన్టీఆర్ జిల్లాలో చేరినా ఇక్కడి నీటి సమస్య మాత్రం మారలేదు. ఒకవైపు కృష్ణ, మరొకవైపు మునేరు పారుతున్నప్పటికీ నాగార్జునసాగర్ ఎడమ కాలువ చివరి భూములకు నీరు సకాలంలో అందడం కష్టమే. పత్తి, మిరప, మొక్కజొన్న పండించే ఇక్కడి రైతులలో చాలామందికి ఎత్తిపోతల పథకాలే ఆధారం. 2020 ఆగస్టు 28న శంకుస్థాపన జరిగిన వేదాద్రి ఎత్తిపోతల పథకం అంచనా వ్యయం సుమారు 489 కోట్ల రూపాయలు. ప్రతిపాదిత ఆయకట్టు 38,627 ఎకరాలు.

ఇటువంటి అంకెలు అందరికీ తెలుస్తాయి. కానీ ఒక పథకాన్ని పదిహేనేళ్ళు నడపడానికి ఎంత ఖర్చవుతుందో, ఆ ఖర్చును ఎవరు భరిస్తారో చర్చించేవారు అరుదు. నిర్మాణ వ్యయం ఒక్కసారి పెట్టేది, నడిపే వ్యయం ప్రతి సంవత్సరం పెట్టేది. ఈ రెంటినీ కలిపి చూడకుండా తీసుకునే నిర్ణయం అసంపూర్ణమని నా అభిప్రాయం. పరికరాన్ని ఎంచుకోవడం, బిగించడం, నడపడం, మరమ్మతు చేయించడం, చివరకు తొలగించి కొత్తది పెట్టడం వరకు అయ్యే మొత్తాన్ని జీవితకాల వ్యయం అంటారు. ఆస్తుల నిర్వహణకు 2014లో వెలువడిన ఐఎస్ఓ 55000 అంతర్జాతీయ ప్రమాణం కూడా ఆస్తిని దాని జీవితకాలమంతటికీ కలిపి చూడమనే చెబుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 100 హెచ్‌పీ మోటారు 90 శాతం సామర్థ్యంతో ఏటా 1,500 గంటలు నడుస్తుందనుకుంటే సుమారు 1,24,000 యూనిట్ల విద్యుత్తు అవసరమవుతుంది. యూనిట్ ఆరు రూపాయలుగా లెక్కిస్తే పదిహేనేళ్ళకు అయ్యే వ్యయం దాదాపు కోటీ పన్నెండు లక్షల రూపాయలు. పంపుసెట్టు ఖరీదు పది లక్షలనుకుంటే అది విద్యుత్తు ఖర్చులో పదో వంతు కూడా కాదు. అయినా టెండరులో మనం చూసేది ఆ పదో వంతునే.

ఇప్పుడు రెండు పంపులను పోల్చి చూద్దాం. ఒకదాని సామర్థ్యం 75 శాతం. మరొకటి రెండు లక్షలు చౌక, కానీ సామర్థ్యం 70 శాతం. అదే నీటిని తోడడానికి చౌక పంపుకు ఏటా సుమారు 8,900 యూనిట్లు అదనంగా కావాలి. అంటే 53 వేల రూపాయలు. పది శాతం వడ్డీని లెక్కలోకి తీసుకున్నా మిగిలిన రెండు లక్షలు సుమారు ఐదేళ్ళలో హరించుకుపోతాయి. తరువాతి పదేళ్ళూ నష్టమే. విద్యుత్తు బిల్లు రైతు కట్టినా, ప్రభుత్వం కట్టినా ఖర్చు ఖర్చే.

ఇసుకతో కూడిన నదీజలం ఇంపెల్లరును అరగదీస్తుంది. పంపు సామర్థ్యం 75 నుండి 60 శాతానికి పడిపోతే అంతే నీటికి విద్యుత్తు వినియోగం 25 శాతం పెరుగుతుంది. మోటారు తిరుగుతూనే ఉంటుంది కనుక ఈ నష్టం కంటికి కనబడదు. యంత్రం పాతబడేకొద్దీ ఏడాదికి పడే పెట్టుబడి భారం తగ్గుతుంది, నడిపే ఖర్చు పెరుగుతుంది. ఈ రెండింటి వార్షిక మొత్తం అత్యల్పంగా ఉండే కాలమే దాని ఆర్థిక జీవితకాలం. ఆ గడువు దాటాక పాతదాన్ని పట్టుకుని ఉండడం పొదుపు కాదు. పళ్ళు చూసి ఎద్దు వయసు చెప్పగల మన రైతుకు ఈ సూత్రం కొత్తదేమీ కాదు.

అన్నిటికంటే పెద్ద వ్యయం ఏ పద్దులోనూ కనబడదు. పత్తి పూత, కాయ దశలో ఉండగా మోటారు కాలి పది రోజులు నీరు ఆగితే ఆ నష్టాన్ని మోయవలసింది రైతే. వరద ముప్పు కూడా ఇటువంటిదే. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ వద్ద 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైంది. స్టార్టరు, ప్యానెళ్ళను వరద మట్టానికి పైన అమర్చడానికి నిర్మాణ దశలో అయ్యే అదనపు ఖర్చు స్వల్పం. మునిగిన తరువాత అయ్యే ఖర్చు అటువంటిది కాదు.

ఈ విషయంలో నేనూ తప్పు చేశాను. ఒక పరిశోధన క్షేత్రానికి బాధ్యుడిగా ఉన్న రోజుల్లో, మార్చి నెలాఖరులోగా నిధులు ఖర్చు చేయాలన్న తొందరలో అతి తక్కువ ధర పలికిన పంపుసెట్టునే కొన్నాను. తరువాతి మూడేళ్ళలో అది రెండుసార్లు కాలిపోయింది. రెండోసారి వేసవి మిరప ప్రయోగమే ఎండిపోయింది. కొనుగోలు ఫైలులో ఏ లోపమూ లేదు, ఆడిట్ అభ్యంతరమూ రాలేదు. పోయిన ఏడాది పరిశోధన విలువను రాయడానికి ఆ ఫైలులో గడి లేదు.

చేతిలో డబ్బు లేని రైతు సంఘం ఎక్కువ ధర పెట్టి ఎలా కొంటుందన్న ప్రశ్న సహేతుకమైనదే. అందుకే ఈ బాధ్యతను సంఘాలకే వదిలివేయరాదు. ప్రతి పథకం అంచనాలోనే నిర్వహణకు, పునఃస్థాపనకు నిధి చూపాలి. టెండరులో ధరతోపాటు సామర్థ్యానికీ విలువ కట్టాలి. సంఘాలు పంట చేతికి వచ్చినప్పుడే ఎకరానికి కొంత చొప్పున జమ చేసుకోవాలి.

విస్తరణ శాస్త్రవేత్తల పని ఇంకా సులభం. ప్రతి పంపుహౌస్‌లో ఒక పుస్తకం పెట్టించండి. నడిచిన గంటలు, కాలిన యూనిట్లు, తోడిన నీరు, చేయించిన మరమ్మతులు అందులో రాయించండి. యూనిట్‌కు ఎన్ని లీటర్లు వస్తున్నాయో ఏటా పోల్చి చూస్తే యంత్రం మార్చవలసిన సమయం తానే తెలుస్తుంది. గరికపాడు కృషి విజ్ఞాన కేంద్రం వంటివి రైతులకు ఈ లెక్క నేర్పడానికి అనువైన చోట్లు. మన విద్యార్థులు ఒక్కొక్కరు ఒక్క పథకం లెక్కలు రెండేళ్ళు సేకరించినా అది ఉపయోగకరమైన పరిశోధన అవుతుంది. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు పెద్దలు. మోటారు తిరుగుతుండగానే ఆ లెక్క మొదలుపెట్టాలి.