ఎగశ్వాసకు తీర్థం

2023 అక్టోబరు నవరాత్రుల్లో గుజరాత్‌లో గర్బా ఆడుతూనే మనుషులు కుప్పకూలారు. ఖేడా జిల్లా కపడ్వంజ్‌లో పోయిన కుర్రాడికి 17 ఏళ్ళు. ఆ వార్త సూరత్‌లో మన తెలుగువాళ్ళుండే లింబాయత్ గల్లీలకు చేరేసరికి దానికో పుణ్యం కూడా అంటుకుంది: "అమ్మవారి ముందు ఆడుతూ పోయాడు, ఎంత అదృష్టమో!" 17 ఏళ్ళ బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఎదుట నిలబడి ఈ మాట అనగలరా? అనగలరు. అంటారు కూడా. అదే నా బాధ.

వాళ్ళ నమ్మకాన్ని వాళ్ళ వైపు నుంచే చెబుదామని చూశాను. ఆయుష్షు బ్రహ్మ రాసి పంపిస్తాడు, నూకలు చెల్లిన నాడు ఎవరూ ఆపలేరు, పోయేవాడి నోట్లో తులసితీర్థం పోస్తే సద్గతి. పోయినవాళ్ళ ఇంట్లో ఈ మాట ఓదార్పు కావచ్చు. కానీ ఇంకా పోనివాడి పక్కన ఇదే మాట అంటే అది చేతులు కట్టేసే తాడు.

మా పెద్దనాన్న రాత్రిపాళీ సాంచెలు (మరమగ్గాలు) నడిపి పొద్దున్నే ఇంటికొచ్చి గడప దగ్గరే పడిపోయాడు. నేనప్పుడు బడిపిల్లవాణ్ణి. పిలిస్తే పలకలేదు. కాసేపటికోసారి నోరు తెరిచి గుర్రుమని ఒక్క ఊపిరి లాగుతున్నాడు. గల్లీ పెద్ద ఒకాయన చూసి, "ఎగశ్వాస పెడుతున్నాడు, తీర్థం పోయండి" అన్నాడు. చెంచాతో పోశారు. నీళ్ళు మింగుడుపడక పెదవి చివర నుంచి కారి మెడ కిందికి పోయాయి, తులసాకు గడ్డానికి అతుక్కుంది. అందరికంటే దగ్గరగా ఉన్నది మా వదిన. మామగారిని కోడలు తాకకూడదు గనుక కొంగు నోట్లో కుక్కుకుని గోడకానుకుని నిలబడింది. ఆటో వచ్చేదాకా ఆయన ఛాతీ మీద ఒక్క చెయ్యి పడలేదు.

చెయ్యి పడితే బతికేవాడని నేను చెప్పలేను. కానీ గుండె ఆగిన మనిషి మొదటి నిమిషాల్లో అలాగే గుర్రుగుర్రుమని ఊపిరి లాగొచ్చు. అది శ్వాస కాదు, చావూ కాదు. ఛాతీ నొక్కడం మొదలుపెట్టాల్సిన సమయం సరిగ్గా అదే. అప్పుడే మనవాళ్ళు చెంచా వెతుకుతారు. స్పృహలేని మనిషి నోట్లో పోసిన నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి దిగొచ్చు. సద్గతి పేరుతో ఊపిరాడని మనిషికి మరింత ఊపిరాడకుండా చేస్తున్నాం. ఎవరి పుణ్యం కోసం?

ఇలా ఛాతీ నొక్కడాన్నే సీపీఆర్ అంటారు. అది చేయకుండా గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గిపోతుంది. నాలుగైదు నిమిషాలు దాటితే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. 108 అంబులెన్సు 2005లో హైదరాబాదులో పుట్టి, 2007లో గుజరాత్‌కు వచ్చింది. ఎంత మంచి బండైనా లింబాయత్ సందుల్లో దూరి గడప దాకా రావడానికి టైము పడుతుంది. ఆలోగా ఉండేది ఇంట్లోవాళ్ళే.

ఛాతీ నొక్కే ఈ పద్ధతి ఎక్కడి నుంచి వచ్చిందో సాంచెల పనివాళ్ళు తప్పక తెలుసుకోవాలి. కరెంటు షాకుతో లైన్ పనివాళ్ళు చనిపోతుంటే, వాళ్ళను బతికించే దారి వెతకడానికి అమెరికాలో విలియం కౌవెన్‌హోవెన్ అనే ఎలక్ట్రికల్ ఇంజినీరు పరిశోధనలోకి దిగాడు. 1960లో జాన్స్ హాప్కిన్స్‌లో ఆయన బృందం, ఛాతీ తెరవకుండా పైనుంచి నొక్కి రక్తం ఆడించవచ్చని ప్రకటించింది. కార్మికుల చావుల్లోంచి పుట్టిన విద్య అది. కార్మికుల గల్లీకే ఇంకా చేరలేదు.

తాకకూడదన్న ఆచారం మరీ క్రూరమైనది. పరాయి మగవాడు ఆడమనిషి ఛాతీ మీద చెయ్యి వేయకూడదు, కోడలు మామను ముట్టకూడదు, పోయాడేమోనని అనుమానమొస్తే మైల. అమెరికాలోనే 2017లో వెల్లడించిన ఒక అధ్యయనంలో, బహిరంగ స్థలాల్లో గుండె ఆగిన మగవాళ్ళలో 45 శాతానికి పక్కనున్నవాళ్ళు సీపీఆర్ చేస్తే, ఆడవాళ్ళలో 39 శాతానికే చేశారు. అక్కడే అలా ఉంటే, కొంగు జారితే తప్పుపట్టే మన దగ్గర పడిపోయిన ఆడమనిషి గతేమిటి?

ఆచారమే కాదు, తప్పుడు మాట కూడా చేతులు కట్టేస్తుంది. 2022లో బళ్ళారి జిల్లాలో నీటమునిగిన పిల్లవాణ్ణి, ఉప్పులో ఉంచితే బతుకుతాడని ఫోన్లో తిరిగిన మాట నమ్మి, గంటల తరబడి ఉప్పు కుప్పలో ఉంచారు. నీటమునిగినవాడికి కావలసింది నోట్లోకి ఊదే ఊపిరి, ఛాతీ మీద బరువు. ఆ తల్లిదండ్రుల మీద నాకు కోపం లేదు. వాళ్ళకు ఉప్పు సంగతి చేరవేసిన లోకం, ఊపిరి సంగతి చేరవేయలేదు.

2024 ఆగస్టులో గుజరాత్ శాసనసభ చేతబడి, నరబలులకు వ్యతిరేకంగా చట్టం చేసింది. మంచిదే. ఈ సూరత్‌లోనే సత్యశోధక్ సభ వాళ్ళు మూఢనమ్మకాల మీద ఏళ్ళ తరబడి పోరాడుతున్నారు. ఆ చట్టంతో భూతవైద్యుడి మీద కేసు పెట్టొచ్చు. తీర్థం పోసిన గల్లీ పెద్ద మీద పెట్టలేం, పెట్టకూడదు కూడా. ఆయన చేతికి చెంచా బదులు పని అప్పగించాలి.

ఇక రాత మాటకొస్తే, మన నేతపని పద్మశాలీలు మార్కండేయుణ్ణి తమ మూలపురుషుడంటారు. పదహారేళ్ళకే ఆయుష్షు తీరుతుందని రాసి ఉన్నా, యముడు పాశం విసిరినా, పట్టు వదలని పిల్లవాడి కథ అది. నేను కథగానే చదువుతాను. నమ్మేవాళ్ళను మాత్రం ఒకటడుగుతాను: రాతను ఒప్పుకోనివాణ్ణి పూజిస్తూ, ఇంట్లో మనిషి పడిపోగానే "రాసిపెట్టింది" అని ఎలా అనగలుగుతున్నారు?

నేర్వాల్సింది కొంచెమే. పిలిచి, తట్టి చూడాలి. పలక్కపోతే, ఊపిరి సరిగా లేకపోతే ఒకరు 108కి ఫోన్ చేయాలి, ఇంకొకరు ఛాతీ నడుమ అరచేతి మీద అరచెయ్యి వేసి, 5-6 సెంటీమీటర్లు దిగేలా, నిమిషానికి 100-120 సార్లు నొక్కాలి. నొక్కిన ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వాలి. అలసిపోతే మనిషి మారాలి. పక్కటెముక విరుగుతుందేమోనని ఆపకూడదు. 2023లోనే తెలంగాణ, గుజరాత్ ప్రభుత్వాలు రెండూ సీపీఆర్ శిక్షణలు మొదలుపెట్టాయి కాబట్టి నేర్పేవాళ్ళు దొరుకుతారు. సంఘం పెద్దలు ఒక ఆదివారం గుడి మండపంలో నేర్పించడానికి పూనుకుంటే, ముందు వరుసలో కోడళ్ళను కూర్చోబెట్టాలి. మగవాళ్ళు సాంచెల మీద ఉండే వేళ ఇంట్లో ముసలివాళ్ళ పక్కన ఉండేది వాళ్ళే. మామగారి ఛాతీ మీద చేతులు వేయొచ్చని, ఆ మామగారే అక్కడ అందరి ముందూ కోడలికి చెప్పాలి.